కేబుల్ లేకుండా సంగీత టెలివిజన్ (నల్గొండ, మహబూబ్ నగర్)

కేబుల్ లేకుండా సంగీత టెలివిజన్ అనగా స్థానిక కేబుల్ ఆపరేటర్ కనెక్షన్ తీసుకోకుండా యాంటెనా, డిష్ లేదా అంతర్జాలం ద్వారా పాటలు మరియు యువజన వినోద కార్యక్రమాల ఛానళ్ళను చూడటం. దక్షిణ తెలంగాణలోని నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలో ఈ అవసరం ముఖ్యంగా కేబుల్ తీగ చేరని తండాలకు, పొలాల వద్ద ఉన్న ఇళ్ళకు, నెలసరి చందా భారమైన కుటుంబాలకు ఏర్పడినది. ఈ వ్యాసంలో జిల్లాల పేర్లు 2016 పునర్వ్యవస్థీకరణకు ముందున్న ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి. ప్రస్తుత సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు కూడా ఈ ప్రాంతం లోనివే.

చరిత్ర

ఉపగ్రహ బోధనా ప్రయోగం

ఈ ప్రాంతంలో కేబుల్ లేని ఉపగ్రహ టెలివిజన్, కేబుల్ టెలివిజన్ కంటే పాతది. 1975 ఆగష్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి సైట్ అనే ప్రయోగం నిర్వహించాయి. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా చేరినవి. ఆంధ్ర ప్రదేశ్ నుండి ఎంపికైన జిల్లాలలో మహబూబ్ నగర్ ఒకటి. గ్రామంలో అందరూ కలిసి చూసే ఒక టీవీ, దానికి కోళ్ళ గూళ్ళకు వాడే రకపు ఇనుప వలతో చేసిన సుమారు 3 మీటర్ల డిష్ ఏర్పాటు చేసేవారు. రోజుకు నాలుగు గంటల ప్రసారం ఉండేది. ఉదయం పిల్లలకు పాఠాలు, సాయంత్రం వ్యవసాయం, ఆరోగ్యం వంటి విషయాలతో పాటు వినోద కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది తరువాత ఉపగ్రహాన్ని అమెరికా వెనుకకు తీసుకోవడంతో ఈ ప్రసారాలు ఆగిపోయాయి.

దూరదర్శన్ కాలం

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం నుండి 1977లో సాధారణ ప్రసారాలు మొదలైనవి. 1984లో దేశమంతటా తక్కువ శక్తి గల ట్రాన్స్‌మిటర్లను వేగంగా నెలకొల్పారు. ఇంటిపై పొడవాటి గొట్టానికి అల్యూమినియం కడ్డీల యాంటెనా బిగించి, బొమ్మ సరిగా వచ్చే వరకు దానిని తిప్పడం అప్పటి పద్ధతి. భూమిపై నుండి వచ్చే ఈ తరంగాలకు గుట్టలు అడ్డు వస్తాయి. కనుక రాతి గుట్టలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఒకే ఊరిలో ఒక ఇంటికి బొమ్మ స్పష్టంగాను, గుట్ట నీడన ఉన్న ఇంటికి మసకగాను కనిపించేది. తెలుగు సినిమా పాటల కార్యక్రమం చిత్రలహరి, హిందీ పాటల చిత్రహార్ ఆ కాలంలో సంగీత ఛానల్ లేని లోటును తీర్చినవి.

ఉపగ్రహ ఛానళ్ళు

1981 ఆగష్టు 1న అమెరికాలో మొదలైన ఎం టీవీ, 1991లో స్టార్ టీవీ ద్వారా ఆసియాకు వచ్చినది. 1994లో రెండు సంస్థలు విడిపోగా స్టార్ సంస్థ ఛానల్ వి ని ప్రారంభించినది. ఎం టీవీ ఇండియా 1996లో ప్రారంభమైనది. తెలుగులో జెమిని టీవీ, ఈటీవీ రెండూ 1995లో మొదలైనవి. ఇవన్నీ సి-బ్యాండ్ లో వచ్చేవి. వాటిని అందుకోవడానికి పెద్ద డిష్ కావాలి, అది ఒక కుటుంబం కొనగలిగే వస్తువు కాదు. కేబుల్ ఆపరేటర్ ఒక డిష్ పెట్టి, తీగల ద్వారా వందలాది ఇళ్ళకు పంచేవాడు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న పట్టణాలలోను, పెద్ద గ్రామాలలోను ఈ వ్యాపారం సాగినది. నాలుగు ఇళ్ళ కోసం కిలోమీటర్ల కొద్దీ తీగ లాగడం గిట్టుబాటు కాదు కనుక మారుమూల ఆవాసాలు చాలావరకు దీనికి వెలుపల ఉండిపోయాయి.

డీటీహెచ్

ఇంటింటికీ చిన్న డిష్ ద్వారా ప్రసారాలు అందించే డీటీహెచ్ పద్ధతికి కేంద్ర ప్రభుత్వం 2000లో అనుమతి ఇచ్చి, 2001లో మార్గదర్శకాలు విడుదల చేసినది. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై, 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్ సేవలు మొదలైనవి. చందా లేని ప్రభుత్వ సేవ డీడీ డైరెక్ట్ ప్లస్ 2004 డిసెంబరులో 33 ఛానళ్ళతో ప్రారంభమైనది. దీనికి 2014లో డీడీ ఫ్రీ డిష్ అని పేరు మార్చారు.

పనిచేయు విధానం

డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో భూమితో సమానంగా తిరుగుతాయి. అందువలన అవి ఆకాశంలో ఒకే చోట ఉన్నట్లు కనిపిస్తాయి, డిష్ ను ఒకసారి గురి చూసి బిగిస్తే చాలు. ఇవి వాడే కె.యు.-బ్యాండ్ పౌనఃపున్యం సి-బ్యాండ్ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ, తరంగదైర్ఘ్యం ఆ మేరకు తక్కువ. ఉపగ్రహం నుండి వచ్చే సంకేతం కూడా బలమైనది. కనుక 60 నుండి 90 సెంటీమీటర్ల డిష్ సరిపోతుంది. డిష్ ముందున్న ఎల్.ఎన్.బి. అనే పరికరం సంకేతాన్ని తక్కువ పౌనఃపున్యానికి మార్చి తీగ ద్వారా సెట్ టాప్ బాక్సుకు పంపుతుంది.

డిష్ అమరిక

ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం నుండి వస్తాయి. రేఖాగణితం ప్రకారం డిష్ గురి సుమారుగా ఇలా ఉంటుంది. దిశను ఉత్తరం నుండి తూర్పు వైపుగా కొలవాలి.

* నల్గొండ: దిశ 139 డిగ్రీలు, ఎత్తు కోణం 64 డిగ్రీలు
* మహబూబ్ నగర్: దిశ 136 డిగ్రీలు, ఎత్తు కోణం 63 డిగ్రీలు
* ముంబై: దిశ 131 డిగ్రీలు, ఎత్తు కోణం 57 డిగ్రీలు

సరిగ్గా ఆగ్నేయం అనగా 135 డిగ్రీలు. కనుక ఈ రెండు పట్టణాలలోను ఆగ్నేయం నుండి కొద్దిగా దక్షిణానికి జరిపి వెతికితే సంకేతం దొరుకుతుంది. ఉపగ్రహం ఆకాశంలో బాగా ఎత్తున ఉన్నందువలన దూరపు గుట్టలు అడ్డు రావు. ఇంటిని ఆనుకొని ఉన్న వేప, చింత వంటి చెట్ల కొమ్మలు, పక్కనున్న మేడలు మాత్రం అడ్డు రావచ్చును. వాడుకలో ఉన్న డిష్ లలో ఎల్.ఎన్.బి. మధ్యలో కాక కిందికి ఉంటుంది. కాబట్టి డిష్ పళ్ళెం చూపుకు అసలు కోణం కంటే 20 నుండి 25 డిగ్రీలు తక్కువ ఎత్తుకు గురి పెట్టినట్లు కనిపిస్తుంది. పాలమూరు నుండి ముంబై వంటి నగరాలకు పనుల కోసం వలస వెళ్ళే కుటుంబాలు డిష్ ను వెంట తీసుకొని వెళ్ళవచ్చును గాని, పై పట్టికలో చూపినట్లు అక్కడ కోణాలను మళ్ళీ సరిచేసుకోవాలి.

వాన బాగా కురిసే సమయంలో నీటి బిందువులు కె.యు.-బ్యాండ్ తరంగాలను పీల్చుకొని చెదరగొడతాయి. అందువలన బొమ్మ గడులుగా విడిపోవడం లేదా ఆగిపోవడం జరుగుతుంది. వాన తగ్గగానే ప్రసారం తిరిగి వస్తుంది. కాస్త పెద్ద డిష్ వాడితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

ఉచిత ఛానళ్ళు, రుసుము ఛానళ్ళు

ఫ్రీ డిష్ కు డిష్, బాక్సు కొనుగోలు ఖర్చు తప్ప నెలసరి రుసుము లేదు. దీనిలో ప్రైవేటు ఛానళ్ళకు చోటు వేలం ద్వారా లభిస్తుంది. అందుచేత ఛానళ్ళ జాబితా మారుతూ ఉంటుంది. బీ4యూ మ్యూజిక్, 9ఎక్స్ఎమ్, మస్తీ వంటి హిందీ పాటల ఛానళ్ళు వివిధ కాలాలలో దీనిలో ప్రసారమయ్యాయి. ఎంపెగ్-4 పద్ధతిలో ప్రసారమయ్యే ఛానళ్ళు పాత ఎంపెగ్-2 బాక్సులలో కనిపించవు.

తెలుగు ప్రేక్షకునికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. జెమిని మ్యూజిక్, స్టార్ మా మ్యూజిక్ వంటి తెలుగు పాటల ఛానళ్ళు రుసుము ఛానళ్ళు. కనుక ఉచిత డిష్ పై ఆధారపడిన ఇంటిలో హిందీ పాటలు రోజంతా వినిపిస్తాయి గాని, తెలుగు పాటలకు ప్రధానంగా డీడీ యాదగిరి వంటి దూరదర్శన్ ఛానళ్ళే దిక్కు. తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలు మాతృభాషలోని సంగీత ఛానళ్ళకే దూరం కావడం దీని ఫలితం.

2019 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రేక్షకుడు తనకు కావలసిన రుసుము ఛానల్ ను విడిగా ఎంచుకోవచ్చును. అయితే ఛానల్ ధర చిన్నదైనా, దానికి తోడు నెట్‌వర్క్ రుసుము కూడా చెల్లించవలసి ఉంటుంది. మొదట్లో ఇది 100 ఛానళ్ళ వరకు పన్ను కాక గరిష్ఠంగా 130 రూపాయలు. కనుక ఒక్క సంగీత ఛానల్ కోసమే కనెక్షన్ తీసుకొనే వారికి ఛానల్ ధర కంటే ఈ రుసుమే ఎక్కువ అయ్యేది.

అంతర్జాలం

2016 సెప్టెంబరులో జియో సేవల ప్రారంభం తరువాత మొబైల్ డేటా ధర బాగా తగ్గినది. యువత పాటలను టీవీకి బదులు ఫోనులో యూట్యూబ్ ద్వారా చూడటం పెరిగినది. ఛానల్ వి 2018లో భారతదేశంలో మూతపడినది. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే యాప్ ను విడుదల చేసినది. దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి చాలావరకు మూసివేసినందున కడ్డీల యాంటెనా వాడుక దాదాపు ముగిసినది. డిష్ కు ఒకసారి పెట్టుబడి పెడితే ఇల్లంతా చూడవచ్చును. అంతర్జాలంలో కోరిన పాట కోరిన వేళకు దొరుకుతుంది, కాని డేటా ఖర్చు ప్రతి నెలా ఉంటుంది, సిగ్నల్ లేని చోట పనిచేయదు.

ఇవి కూడా చూడండి

* దూరదర్శన్
* డీడీ యాదగిరి
* నల్గొండ జిల్లా
* మహబూబ్ నగర్ జిల్లా