లియర్ ముగింపు: తెరపై యుగాంతం

షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' చివర ముసలి రాజు చనిపోయిన కూతురు కార్డీలియాను చేతులపై మోసుకొస్తాడు. ముందే చెప్పిన లోకాంతం ఇదేనా అని కెంట్ అడుగుతాడు. లేక దాని ఛాయ మాత్రమేనా అంటాడు ఎడ్గర్. నాటకంలో ఎవరూ జవాబివ్వరు.

ఈ ముగింపును రంగస్థలం చాలాకాలం భరించలేకపోయింది. 1681లో నాహమ్ టేట్ కార్డీలియాను బతికించి, ఎడ్గర్‌తో జత కలిపి నాటకాన్ని తిరగరాశాడు. సుమారు 150 ఏళ్లు ఆ రూపమే ప్రదర్శనల్లో చెలామణి అయింది. హిరోషిమా తర్వాతి సినిమా మాత్రం కెంట్ ప్రశ్నను తప్పించుకోలేదు. గొదార్ 1987లో ఏకంగా చెర్నోబిల్ తర్వాతి లోకంలో కథ నడిపాడు. అందులో షేక్‌స్పియర్ వారసుడొకడు మాయమైన నాటకాలను వెతుకుతుంటాడు. (ఆ చిత్రాన్ని చూడడం కన్నా దాని గురించి చర్చించడం తేలిక!)

తుఫాను దృశ్యమే యుగాంతమని రాసి ఊరుకునే విద్యార్థులు చాలామంది. మీరు అక్కడ ఆగకండి. తుఫాను వెలిసిపోతుంది. కురొసావా 'రాన్' (1985) చూడండి. ఇందులో కూతుళ్ల స్థానంలో కొడుకులున్నారు. మూడో కోటపై దాడి జరిగేటప్పుడు బాణాలు, మంటలు, అరుపులు ఏవీ వినిపించవు. తకెమిత్సు సంగీతం ఒక్కటే సాగుతుంది. ఒక తుపాకీ పేలాకే శబ్దాలు తిరిగి వస్తాయి. ఆ కోటను ఫూజీ పర్వతం వాలుపై కట్టి, నిజంగానే తగలబెట్టారు. షేక్‌స్పియర్ వేదికపై తుఫానును మాటలే సృష్టించాలి. ఇక్కడ రాజుకు మాటే లేదు.

ఇంకో మార్పు అంతకన్నా ముఖ్యం. లియర్ గతాన్ని నాటకం పెద్దగా చెప్పదు. హిదెతోరా మాత్రం ఒకప్పుడు ఇతరుల కోటలను కాల్చినవాడు, త్సురుమారు అనే బాలుడి కళ్లు పీకించినవాడు. కాబట్టి ఇక్కడి వినాశం దైవం పంపింది కాదు, అతను చేసిందే తిరిగివచ్చింది. దీన్ని 'ప్రళయం' అనేముందు ఆలోచించండి. మన పురాణాల్లో ప్రళయం తర్వాత మళ్లీ సృష్టి ఉంటుంది.

ఆ 'తర్వాత' ఉందా లేదా అన్నదానిలోనే దర్శకులు విడిపోతారు. కోజింత్సెవ్ రష్యన్ చిత్రం (1971) చివర, కాలిన ఊళ్లో విదూషకుడు పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. మిగిలినవాళ్లు శిథిలాల మధ్య పనిలో పడతారు. 'రాన్' చివర, కూలిన కోట గోడ అంచున అంధుడైన త్సురుమారు ఒంటరిగా నిలబడి ఉంటాడు. చేతిలోని అమిద బుద్ధుడి చిత్రపటం జారి కిందపడిపోతుంది.