బెజవాడ ప్లాట్‌ఫారం మీది కుఱ్ఱవాడు

విజయవాడ రైలుస్టేషనుకు పడమటి దిక్కున, ఇంద్రకీలాద్రి నీడలో పాతబస్తీ కలదు. నేడు అందఱూ దానిని వన్ టౌన్ అంటున్నారు. మారుతీ సినిమాహాలు 1921లో వెలసినది అక్కడనే. తెలుగునేలపై శాశ్వతంగా కట్టిన సినిమాహాళ్లలో అదియే మొదటిదని పేరు. కాని చలనచిత్ర చరిత్రలో ఈ ఊరి పేరు నిలిచినది హాలు వలన కన్న రైలుస్టేషను వలననే అనవచ్చును.

నాటకబృందముతో ప్రయాణమగుచున్న ఒక కుఱ్ఱవానిని, ప్రతిభా సంస్థాధిపతి ఘంటసాల బలరామయ్యగారు ఆ స్టేషనులో చూచినారు. 1944లో విడుదలయిన ‘శ్రీ సీతారామ జననము’లో ఆ కుఱ్ఱవాడు శ్రీరాముడైనాడు. ఆయనయే అక్కినేని నాగేశ్వరరావు. ఈ కథను అదృష్టమునకు ఉదాహరణగా చెప్పుట మనవారికి అలవాటు. నాకు మాత్రము అట్లు తోచదు. బలరామయ్యగారి కంటబడిన ఆ ముఖము అప్పటికే ఎన్నో రాత్రులు దీపాల వెలుతురులో నిలిచి, జనము చూపులకు అలవాటుపడిన ముఖము.

గుడివాడ తాలూకా రామాపురములో 1923 సెప్టెంబరు 20న ఒక రైతుకుటుంబములో ఆయన పుట్టినారు. చదువు ప్రాథమిక దశలోనే ఆగిపోయినది. కుఱ్ఱవాని ఆసక్తి నాటకముపై ఉన్నది. ఇంటివారు, ముఖ్యముగా తల్లి పున్నమ్మగారు, దానికి అడ్డుపడలేదు. ఆ దినములలో స్త్రీలు రంగస్థలమెక్కుట అరుదు. కనుక సన్నని రూపము, లేతగొంతు గల పిల్లవానికి చీరకట్టి, జడవేసి నిలబెట్టెడివారు. నాగేశ్వరరావుగారి నట జీవితము ఆ ఆడవేషములతోనే మొదలైనది. పెయ్యేరుకు చెందిన దుక్కిపాటి మధుసూదనరావుగారు ఆయనను చేరదీసి, ఎక్సెల్సియర్ నాటకబృందములో పేరు తెచ్చుకొనునట్లు చేసినారు. 1941లో పి.పుల్లయ్యగారి ‘ధర్మపత్ని’లో చిన్న వేషము దొరికినది గాని, దానితో దారి తెఱచుకొనలేదు. కుఱ్ఱవాడు మరల నాటకములకే వచ్చినాడు.

స్త్రీపాత్రధారికి ఒక శిక్షణ లభించును. చేతిని ఎంత ఎత్తవలెను, మెడ ఎంత త్రిప్పవలెను, చూపు ఎప్పుడు దించవలెను అన్న లెక్క అతనికి ఒంటబట్టును. లెక్క తప్పినచో ముందు వరుసలోని పిల్లలే నవ్వుదురు. అక్కినేనివారి నటనలో ఏనాడూ అరుపు వినిపించకపోవుటకు, మాట కన్న కన్ను ముందుగా పలుకుటకు మూలము అక్కడనే ఉన్నదని నా నమ్మకము. నడకలో సుకుమారము హెచ్చని కొందఱు ఆక్షేపించినారు. ఆక్షేపణలో నిజము లేకపోలేదు. అయితే ఆ సుకుమారమే లేకున్న దేవదాసు ఎక్కడ?

మొదటి చిత్రములలో ఆయన పాటలు ఆయనే పాడుకొన్నారు. గానమే నాటకమునకు ప్రాణమైన దేశమిది. ఈలపాట రఘురామయ్యగారి రాగమునకు ‘వన్స్ మోర్’ కొట్టిన జనమిది. ఆ కొలతకు ఈయన గాత్రము చాలదు. చిత్రములలో నేపథ్యగానము స్థిరపడుటతో ఆ చిక్కు తొలగినది. ఘంటసాల వెంకటేశ్వరరావుగారి కంఠము ఆయన పెదవులపై ఎంతగా ఒదిగినదనగా, రెండూ ఒక మనిషివేనని పల్లెలలో వాదులాడుకొన్నవారు కలరు. ఘంటసాలవారును గుడివాడ ప్రాంతమువారే. (బలరామయ్యగారు వేఱు, ఇంటిపేరొకటి అగుటచే పలువురు పొరబడుదురు.)

‘బాలరాజు’తో 1948లో ఆయన జానపద కథానాయకుడుగా నిలద్రొక్కుకొన్నారు. అట్టివాడు శరత్ బాబు దేవదాసును ఏమి పోషించగలడని పలువురు పెదవి విఱిచినారు. కూచిపూడి బిడ్డ వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు, పార్వతి సావిత్రి. మత్తు కన్నులు చూపుటకు చాల సన్నివేశములు రాత్రివేళ తీసినారనియు, తాను పెరుగన్నము కడుపునిండ తిని నిదురమత్తునే తాగుడుమత్తుగా చూపినాననియు ఆయనే చెప్పెడివారు. 1953లో ఆ చిత్రము వచ్చినది. పెదవి విఱిచినవారే కళ్లు తుడుచుకొన్నారు.

ఆ మఱుసటి ఏడు ‘విప్రనారాయణ’. కృష్ణాతీరమున ఆ కథ అనగానే పెద్దలకు గుర్తువచ్చునది స్థానం నరసింహారావుగారి దేవదేవి. పురుషుడే దేవదేవియై మురిపించిన కథలో, ఒకనాడు ఆడవేషములు కట్టిన పిల్లవాడు విప్రనారాయణుడై, నిజమైన స్త్రీ భానుమతి ఎదుట మోహపడుట! రంగస్థలము వెండితెరకు తావిచ్చిన విధమంతయు ఈ ఒక్క మార్పులో కానవచ్చును.

దేవదాసు పేరు తన్ను మింగునని ఆయన వెంటనే గ్రహించినారు. అందుచే 1955లో ‘మిస్సమ్మ’లో కథానాయకుడు కాని హాస్యపు డిటెక్టివు వేషమును తానే కోరి తీసికొన్నారు. పెద్ద నటులు చేయుటకు జంకెడి పని అది. తరువాతి దశలో ఇంతటి తెగువ ఎల్లప్పుడు కానరాదని కూడ చెప్పవలెను. 1971లో ‘ప్రేమనగర్’, 1981లో ‘ప్రేమాభిషేకం’ జనమును ఊపివేసినవి నిజమే. అయినను నడివయసు దాటిన పిమ్మటను ప్రేమికుని వేషములే ఆయనను వెన్నంటినవి.

దుక్కిపాటివారు స్థాపించిన అన్నపూర్ణా పిక్చర్సు చిత్రములు, 1974లో అమెరికాలో గుండెకు శస్త్రచికిత్స, 1976లో హైదరాబాదు బంజారాకొండలపై అన్నపూర్ణా స్టూడియో, 1990వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము అందఱెఱిగినవే. నేను తఱచు తలచుకొనునది వేఱొకటి. బడి నడుమనే మానిన ఈ రైతుబిడ్డ గుడివాడ కళాశాలకు లక్షరూపాయలు ఇచ్చినారు. నేడు ఆ కళాశాల ఆయన పేరనే నడుచుచున్నది.

తనకు క్యాన్సరని 2013 అక్టోబరులో ఆయనే లోకమునకు చెప్పినారు. అప్పటికి ‘మనం’ చిత్రమున నటించుచున్నారు. తన పాత్రకు వేఱొకరు గొంతునిత్తురేమోనని ఆయనకు బెంగ. యంత్రపరికరములను ఇంటికే తెప్పించుకొని, మంచముపట్టిన స్థితిలో తన సంభాషణలన్నియు తానే పలికినారు. 2014 జనవరి 22న కన్నుమూసినారు. చిత్రము మే నెలలో విడుదలయినది.