వన్ టౌన్ సరుకుల బాట – మరమ్మతు యోచన

విజయవాడ వన్ టౌన్ పేరు వినినంతనే మన సంఘ సభ్యులకు కాళేశ్వరరావు మార్కెట్టును, చిట్టినగరు పాల ఫ్యాక్టరీయు జ్ఞప్తికి వచ్చును. టోకు వర్తకము చాలవరకు గొల్లపూడికి తరలినను, కూరగాయలు, పాలు, పచారీ సరుకులు నేటికిని ఈ పేటల మీదుగనే పోవుచున్నవి. కావున ఇచటి బాట బాగోగులు పట్టణవాసులకు మాత్రమే సంబంధించినవని మనము మిన్నకుండరాదు. గోతులలో ఎగిరిపడిన బుట్టలోని టమాటా మార్కెట్టు చేరునప్పటికే ధర కోల్పోవును. చల్లార్చని పాలు వేసవిలో నాలుగైదు గంటలకు మించి నిలువవు. త్రోవలో కలిగిన నష్టము నెవరును లెక్క వ్రాయరు గాని, అది తుదకు రైతు పద్దులోనే పడును.

ఈ పేటల ఉనికియే చిక్కైనది. ఒకప్రక్క ఇంద్రకీలాద్రి, ఒకప్రక్క కృష్ణ, నడుమ కాలువయు రైలుకట్టలును. ప్రకాశం బ్యారేజి (1957) ఎగువన బయలుదేరు ఏలూరు, రైవస్, బందరు కాలువలు పట్టణమును చీల్చుకొని పోవుచున్నవి. కొండపై కురిసిన వాన పల్లపు వీథులకు దిగి, పోవు దారి లేక నిలిచిపోవును. కొండ మొగన ఇరుకు తీర్చుటకై కట్టిన కనకదుర్గ వంతెన 2020 అక్టోబరులో తెరువబడినది. చిట్టినగరు సొరంగము అంతకు పూర్వమునుండియే కొండ కావలి రాకపోకలకు తోడ్పడుచున్నది. పెద్దబాట ఇరుకు కొంత తీరినది. లోపలి బాటల సంగతి వేరు.

బాట చెడినదనగానే పైన తారు పోయుమని కోరుట మన అలవాటు. ఇది వేరుకుళ్లు పట్టిన చెట్టుకు ఆకులపై మందు చల్లుట వంటిది. నల్లరేగడి స్వభావము మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు: నీరు త్రాగి ఉబ్బును, ఎండకు బీటలు వారును. పొలమున ఈ గుణము మేలే. బాట క్రింద మాత్రము కీడు. నేల ఉబ్బి క్రుంగుచుండగా పైపొర ఎంత దళసరిదైనను పగులును. పగులులో నీరు దిగును, తారు రాతిని విడుచును, చక్రము ఆ రాతిని పెరికివేయును. గోతి పుట్టుక ఇదియే. కనుక మొదటి పని మురుగుకాలువ; రెండవది అడుగునేల. రేగడి ఉన్నచోట సున్నము కలిపి త్రొక్కించుటయో, కొంతలోతు త్రవ్వి గ్రావెలు నింపుటయో చేయవలెను. తారుబాటకు నడుమనుండి అంచుకు నూరడుగులకు రెండు, రెండున్నర అడుగుల వాలు ఉండవలెను. నీటి గొట్టములు, మురుగు గొట్టములు వేయు పని యేదైన మిగిలియున్నచో అది ముందు ముగియవలెను. క్రొత్తబాటను మూడవనెలలోనే త్రవ్వుట కంటె ధనమును కాలువలో వేయుట మేలు!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరము, పాయకాపురము మొదలగు పేటలను ముంచినపుడు నీరు దినములతరబడి నిలిచినది. అట్లు నానిన బాటపై ఒక పొర తారు వేసి ఊరకుండినచో అడుగున దాగిన మెత్తదనము మరుసటి వానకు బయటపడును.

ఇక బరువు మాట. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున బాటలను ప్రత్యేకముగ నిర్మించి, వాటిపై లారీలను నడిపి పరీక్షించిరి. ఇరుసుబరువు రెండింతలైనచో బాటకు కలుగు చేటు సుమారు పదునారింతలని అందువలన తేలినది. మన దేశమున 2018లో నాలుగు టైర్ల ఇరుసుకు అనుమతించిన బరువును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచిరి. పెరిగినది నూటికి పదుమూడు పాళ్లే గాని, పై లెక్క ప్రకారము బాటకు చేటు నూటికి అరువది పాళ్లు హెచ్చును. పరిమితికి మించి నింపువారి మాట చెప్పనేల! ఈ విషయమున మన ట్రాలీలును నిర్దోషులు కావు. దమ్ముచక్రములు విప్పకయే తారుబాట నెక్కు ట్రాక్టరులను ప్రతి సార్వాలోను మేము చూచుచునే యున్నాము.

ఉపరితలమునకు ఒకే మందు లేదు. లారీలు నిలిచి సరుకు దింపుచోట డీజిలు కారి తారును కరగించును; అచట కాంక్రీటు వేయుటయే సబబని మా అభిప్రాయము. గొట్టములు దట్టముగనున్న సందులలో సిమెంటు బిళ్లలు పరచినచో, అవసరమైనపుడు విప్పి మరల అమర్చవచ్చును. మిగిలినచోట తారు చాలును, ఖర్చును తక్కువ. కాంక్రీటుకు పూర్తిబలము వచ్చుటకు 28 దినములు పట్టును గనుక, బాటను సగము సగముగ మూసి పని చేయించవలెను.

కాలనిర్ణయము అన్నిటికంటె చిక్కు. దసరాకును, డిసెంబరులో భవానీదీక్షల విరమణకును కొండక్రింద జనము క్రిక్కిరిసియుందురు. ఏప్రిలు వచ్చిన నున్న మార్కెట్టుకు మామిడి దిగును. నడుమ సంక్రాంతి మొదలు మార్చి చివరివరకు గల పదివారములే అనుకూలము, వానయు నుండదు. ఆ గడువున పని సాగవలెనన్న అంచనా వానకాలముననే సిద్ధము కావలెను. నీరు నిలుచు తావులు కంటికి కనబడునదియు అప్పుడే.

అందుచేత మన సంఘములు ఇప్పుడే ఒక పని చేయవచ్చును. పాలు, కూరగాయలు తోలు సభ్యులు ఏడుదినములపాటు, రాత్రింబవళ్లు, ఏ మూలమలుపున ఎన్ని లారీలు, ఎన్ని ట్రాలీలు పోయినవో, ఎచట నీరు ఎంతలోతు నిలిచినదో వ్రాసి, ఆ పట్టికను అర్జీతో జతపరచి నగరపాలక సంస్థ ఇంజనీరుగారికి ఒప్పగించవలెను. పట్టికకు రసీదు తీసికొనుట మరువరాదు.