తెల్లగానే ఉన్నాయి... కానీ నా పళ్లలా లేవు!

ముందుపళ్ల మీద గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే! నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఆడపిల్లలకు ఈ బాధ కొత్తేమీ కాదు. చిన్నతనంలో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడే మచ్చలివి. ఎంత తోమినా పోవు. పెళ్లిచూపుల మాట రాగానే 'వెనీర్లు వేయించెయ్యండి' అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు.

వెనీర్ అంటే పంటి ముందువైపు అంటించే పింగాణీ రేకు. మందం సుమారు అర మిల్లీమీటరు. 1930లలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు తారలకు ఇలాంటివే షూటింగ్ వరకు అతికించేవాడట. పని కాగానే తీసేయొచ్చు. ఇప్పటివి అలా కాదు. చాలావరకు పంటి పైపొర ఎనామిల్‌ని కొంత అరగదీసి శాశ్వతంగా అంటిస్తారు. అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు.

ఇంతా చేశాక అద్దంలో చూసుకుంటే ఏదో వెలితి... ఎందుకని? అసలు పన్ను సున్నం కొట్టిన గోడలా ఒకే తెలుపు ఉండదు. చిగురు దగ్గర కాస్త పసుపు, అంచు దగ్గర కొంచెం గాజులా ఉంటుంది. కోరపళ్లు మిగతావాటికన్నా ముదురు. అన్నింటికీ ఒకే తెలుపు వేస్తే కట్టుడుపళ్లలా కనిపించక ఏం చేస్తాయి? ఫ్లోరైడ్ మచ్చలతో మరో చిక్కుంది. మచ్చ ముదురుగా ఉంటే పలచని రేకులోంచి బూడిదరంగులో తొంగిచూస్తుంది. దాన్ని కప్పడానికి రేకు మందం పెంచితే పళ్లు ఉబ్బెత్తుగా, పెదవిని తోస్తున్నట్లుంటాయి. పోనీ పన్నునే లోతుగా అరగదీద్దామంటే జివ్వుమనే బాధ, పైగా పట్టు తగ్గుతుంది. పొడవు ఎక్కువైతే 'ఫోను' అనబోయినా పలుకు తేడాగా వస్తుంది.

అందుకే తొందరపడకండి. మచ్చలు లేతగా ఉంటే పైపైన రుద్ది తీసే మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్ సరిపోతాయేమో ముందు అడగండి. వెనీర్లే కావాలనుకుంటే, పన్ను అరగదీయకముందే నమూనా పెట్టి చూపించమనండి. పగటి వెలుతురులో అద్దం చూసుకోండి, మాట్లాడండి, పకపకా నవ్వండి, ఫొటో తీయించుకోండి. రంగు ఎంపిక మాత్రం కుర్చీలో కూర్చోగానే జరగాలి. నోరు తెరిచి చాలాసేపుంటే పళ్లు ఆరిపోయి ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తాయి. లిప్‌స్టిక్ వేసుకుని వెళ్లొద్దు. పక్కపళ్లు తెల్లబరచుకోవాలంటే అదీ ముందే, పింగాణీకి బ్లీచింగ్ పట్టదు మరి!

ఇప్పటికే వేయించేసుకున్నారా? పొడవు, అంచులు కొంతవరకు సరిచేసి నునుపు చేయించుకోవచ్చు. చిగురు ఎర్రబడి రక్తం వస్తుంటే అంచున జిగురు మిగిలిందేమో, రేకు అంచు పొడుచుకొచ్చిందేమో చూపించండి. రంగు నచ్చకపోతే మాత్రం పాతది తీసి కొత్తది వేయాల్సిందే. రెండోసారి ఎంత ఎనామిల్ మిగులుతుందో డాక్టర్ని అడిగాకే సరేననండి.