ప్రత్తిచేనిలో పురుగు, మందు, అప్పు

చిలకలూరిపేట, నరసరావుపేట, పర్చూరు, మార్టూరు చుట్టుప్రక్కల నున్న నల్లరేగడి భూములు తేమను చాలకాలము పట్టి ఉంచగలవు. వాన వెనుకబడినను ఆ నేలలో ప్రత్తి మొక్క తట్టుకొని నిలుచును. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదలిన తరువాత కొన్ని మెట్టపొలములకు తడి కూడ అందినది. అంతకు మునుపు జొన్న, శనగ, పొగాకు పండించిన రైతులు అనేకులు 1970 తరువాత ప్రత్తి వైపు మరలిరి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడినది. 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 2022లో గుంటూరు జిల్లా మరల విభజింపబడినది గాని, ఈ వ్యాసములో గుంటూరు, ప్రకాశం అనినపుడు ఆ పాత జిల్లాలనే చెప్పుచున్నాము.

ప్రత్తి పంటకు ఊపు నిచ్చినది సంకర విత్తనము. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రమున డాక్టరు సి. టి. పటేల్ హైబ్రిడ్-4 అను రకమును విడుదల చేసిరి. వాణిజ్య సాగుకు వచ్చిన సంకర ప్రత్తులలో ప్రపంచమున ఇదియే మొదటిది. 1972లో ధార్వాడ నుండి వరలక్ష్మి వచ్చినది. ఇట్టి విత్తనమును ఉత్పత్తి చేయుట ఎట్లో విద్యార్థులు తెలిసికొనవలెను. ప్రత్తిపువ్వులో ఆడ, మగ భాగములు రెండును ఒకేచోట ఉండును. మరునాడు విచ్చుకొనబోవు మొగ్గను సాయంత్రమే ఎంచి, అందలి కేసరములను గోళ్లతో ఒలిచివేయుదురు. తెల్లవారిన పిదప వేరొక రకపు పువ్వు తెచ్చి, దాని పుప్పొడిని కీలాగ్రముపై అద్దుదురు. ఒక్కొక్క పువ్వుకు ఒక్కొక్కసారి ఈ పని చేయవలసినదే. యంత్రమేదియు లేదు, వ్రేళ్లే యంత్రములు. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతముల విత్తనపు చేలలో ఈ పనికి బడికి పోవలసిన ఆడపిల్లలను పెట్టుకొనిరి. సంకర విత్తనపు ధర తక్కువగా ఉండుటకు ఆ పిల్లల చౌక కూలి కూడ ఒక కారణము.

సంకర మొక్కలో మొదటి తరమున కనిపించు బలము, దాని గింజలు నాటిన రెండవ తరములో చెదరిపోవును. చేనులోని మొక్కలు ఒకదానితో ఒకటి పోలక, కొన్ని పొట్టిగను కొన్ని పొడవుగను పెరుగును. కావున రైతు ఏటేట విత్తనము కొనవలసి వచ్చినది. తాతల నాడు గింజను కుండలో దాచుకొన్న ఇంటిలోనే విత్తనము బజారు సరుకైనది. మందు, ఎరువు సంగతియు అంతే. మూడును దొరకునది ఒకే అంగడిలో. అరువిచ్చునదియు ఆ అంగడియే. పంట చేతికి వచ్చినపుడు ప్రత్తి కొనువాడు కూడ తరచుగా ఆ వర్తకుడే అగుట వలన ధర విషయమున రైతు గట్టిగా మాట్లాడు వీలు లేకపోయెను. కౌలుదారు పని మరింత కష్టము. అతడు పంట రాకమునుపే కౌలు చెల్లించి, బ్యాంకు మెట్లెక్కుటకు పట్టా చేత లేక, అంగడి అప్పునే నమ్ముకొనెను.

1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లు అను కొత్త మందులు మన దేశపు బజారులోనికి వచ్చినవి. చేమంతి జాతికి చెందిన ఒక పువ్వులో సహజముగా నుండు పైరిత్రిన్ అను విషమును అనుకరించి రసాయన శాస్త్రజ్ఞులు వీనిని తయారు చేసిరి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ ఈ కుటుంబములోనివి. ఇవి పురుగు నరములలో సోడియం అయానులు ప్రవేశించు ద్వారములను మూసికొననీయవు; నరము అదేపనిగా కంపించి పురుగు పడిపోవును. కొద్ది మోతాదుతో, కొద్ది సేపటిలో చచ్చిన పురుగులు కంటికి కనిపించినవి. ఇక వర్తకునికి వేరే ప్రచారమెందుకు?

మొదటి దెబ్బ 1984-85లో తెల్లదోమ రూపమున తగిలినది. దోమను అదుపులో నుంచు సాలీళ్లను, అక్షింతల పురుగులను, చిన్న కందిరీగలను ఆ మందు ముందుగా చంపివేసినది. శత్రువులు లేని తెల్లదోమ ఆకు అడుగున విపరీతముగా పెరిగినది. అది విసర్జించు తియ్యని జిగురుపై నల్లని బూజు పట్టి, ప్రత్తి దూది సయితము మాసిపోయెను.

తరువాత 1987-88లో శనగపచ్చ పురుగు విజృంభించినది. ఈ పురుగు గూడను, పూవును, కాయను తొలుచును. ఒక్క ఆడరెక్కల పురుగు వందల గ్రుడ్లు పెట్టును; ఇంచుమించు నెల, నెలన్నరలో ఒక తరము పూర్తియగును. శనగ, కంది, మిరప, టమాటా — అన్నియు దానికి ఆహారమే. రైతులు పదిహేను, ఇరవై సార్లు, కొందరు అంతకు మించియు మందు కొట్టిరి. పురుగు చావలేదు. మందులో కల్తీ యున్నదని అందరును అనుకొనిరి. కల్తీ మందులు బజారులో లేకపోలేదు. కాని ఆ ఏడు పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ చేలలోని పురుగులను తెచ్చి పరీక్షింపగా, స్వచ్ఛమైన పైరిత్రాయిడ్లకు సయితము అవి తట్టుకొనుచున్నట్లు తేలినది.

ఈ నిరోధము ఎట్లు పుట్టును? మందు త్రాగి త్రాగి పురుగుకు అలవాటైనదని వాడుకలో అందురు. ఇది సరికాదు. ఒక ఊహా లెక్క వేసి చూతము. చేనులో లక్ష పురుగులుండగా వానిలో 100 మాత్రము పుట్టుకతోనే మందును తట్టుకొనగలవి అనుకొందము. మందు మిగిలిన 99,900 పురుగులలో నూటికి 95 చొప్పున చంపినచో 4,995 మిగులును. తట్టుకొనునవి వందయు వందగానే ఉండును. వేయికి ఒకటిగా నుండినవి ఇప్పుడు నూటికి రెండైనవి. రెండవ తరము రెండు వర్గములలోను సమానముగ పెరిగినదని తలచి మరల అదే మందు కొట్టినచో నూటికి 28 దాటును. మూడవసారికి నూటికి 89. ఉపాధ్యాయులు తరగతిలో కందులు, పెసలు తీసికొని ఈ లెక్కను పిల్లలచేత చేయింపవచ్చును. నిజమైన చేనులో బయటి పురుగులు వచ్చి కలియుట, సంకరము చెందుట వలన వేగము మారును గాని, పోకడ మారదు. మందు పురుగును మార్చలేదు. ఏ పురుగు మిగులవలెనో ఏరినది.

ఆ సంవత్సరము ప్రకాశం జిల్లాలో ప్రత్తి రైతులు ఆత్మహత్యలకు పాల్పడిన వార్త దేశమంతటిని కలచివేసినది. మందు పనిచేయుటలేదని తెలిసియు రైతు ఏల కొట్టెనని నేడు అడుగుట సులభము. అతనికి సలహా నిచ్చువాడు మందు అమ్మువాడే. ఒక మందు విఫలమైనచో మరియొక సీసా, రెండును కలిపిన మిశ్రమము. ఇంత అప్పు చేసిన పిమ్మట చేనును వదలివేయుటకు ఎవరికి మనసొప్పును? లాంలో 1922 నుండి పరిశోధనా క్షేత్రము గలదు. శాస్త్రజ్ఞుని మాట ఊరికి చేరుటకు పట్టు కాలముకంటె అంగడి మాట చేరుటకు పట్టు కాలము చాల తక్కువ.

2002 మార్చిలో బి.టి. ప్రత్తికి అనుమతి లభించినది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అను నేలలోని సూక్ష్మజీవి యొక్క జన్యువును ప్రత్తిలో చేర్చుట చేత, మొక్కయే విషప్రోటీనును తయారు చేసికొనును. గొంగళి పురుగు ప్రేగులోని క్షారద్రవములో అది కరగి, ప్రేగు గోడకు రంధ్రములు చేయును. మన కడుపులో ఆమ్లము గలదు. ఆ ప్రోటీను అంటుకొనుటకు తగిన స్థానములును లేవు. శనగపచ్చ పురుగుపై కొట్టు మందు బాగుగా తగ్గినది. కాని మన దేశములో ఈ జన్యువును ప్రధానముగ సంకర విత్తనములలోనే అమ్మిరి. 450 గ్రాముల పాకెట్టు ధర 1,600 రూపాయలు దాటినది. అందులో 1,250 రూపాయలు జన్యువు సొంతదారైన మోన్‌శాంటో సంస్థ తరఫున వసూలగు రుసుము. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తాధిపత్య వ్యాపార నియంత్రణ కమిషను నెదుట ఫిర్యాదు చేసినది. ఆ మే నెలలో రుసుము తగ్గింపవలెనని కమిషను తీర్పు చెప్పగా, పాకెట్టు ధర 750 రూపాయలుగ నిర్ణయింపబడినది. 2007లో రాష్ట్రము ఇందుకై చట్టమే చేసినది. 2015 డిసెంబరులో కేంద్రము దేశమంతటికి ధరల ఉత్తర్వు తెచ్చినది. ధర తగ్గిన చోట విత్తన పరిశ్రమ కూలిపోలేదు. ఈ సంగతి గుర్తుంచుకొనదగినది.

అయితే ధర తగ్గినంత మాత్రమున పురుగు ఊరకుండదు. బి.టి. చేను చుట్టు అయిదు వరుసలు గాని, అయిదింట ఒక వంతు గాని మామూలు ప్రత్తి వేయవలెనని మొదట నియమముండెను. అక్కడ పెరిగిన సామాన్యపు పురుగులు నిరోధము గలవానితో జతకట్టి, ఆ గుణమును పలుచన చేయునని దీని ఉద్దేశము. రెండెకరముల రైతు పురుగులకై కొంత నేల వదలునా? పాకెట్టుతో వచ్చిన చిన్న సంచిని పారవేసెను. శనగపచ్చ పురుగు విషయమున శనగ, కంది చేలే ఆ ఆశ్రయముగ పనిచేసినవి. గులాబీరంగు పురుగుకు ప్రత్తియే ప్రధానాహారము. దానికి మరియొక ఆశ్రయము లేదు. అందుచేత అదియే ముందు తట్టుకొన్నది. 2014-15 నాటికి గుజరాతులో రెండు జన్యువుల బి.టి. ప్రత్తిని కూడ తినసాగినది. కొద్ది ఏండ్లలో మన చేలకు చేరినది.

మిరపలోను ఇట్టి కథయే నడచుచున్నది. 2021లో నల్ల తామరపురుగు గుంటూరు, ప్రకాశం మిరప తోటల పూతను మాడ్చివేసినపుడు, పంట మార్చుకొన్న రైతులు మరల మందుల అంగడికే పరుగెత్తిరి. ప్రత్తిలో గులాబీ పురుగును తగ్గించు ఉపాయములు మాత్రము చౌకయైనవే. డిసెంబరు, జనవరి నాటికి పంట ముగించి మోళ్లను పీకివేయవలెను. లింగాకర్షక బుట్టలు కట్టవలెను. చేనులోనే గాక, జిన్నింగు మిల్లుల ఆవరణలలోను అవి ఉండవలెను. ఏలననగా గింజలో నిద్రించిన పురుగు ప్రత్తి బస్తాతో పాటు మిల్లుకు చేరి, అచ్చటి నుండియే రెక్కలతో మరల చేనికి తిరిగి వచ్చును.