లెక్కలే అబద్ధం, పని కాదు

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఉద్యోగులకు తమ సంస్థ గుట్టు మిగతా దేశంతో పాటే తెలిసింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని చైర్మన్ బి. రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. సుమారు 179 రూపాయలున్న షేరు సాయంత్రానికి 40కి పడిపోయింది. కంపెనీ ఇచ్చిన షేర్లనే పొదుపుగా దాచుకున్న ఉద్యోగుల ఆశలూ దాంతోపాటే ఆవిరయ్యాయి.

హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ఆ సంస్థలో అప్పుడు దాదాపు 53,000 మంది. అందరిదీ ఒకటే బెంగ: నెలాఖరుకు జీతం వస్తుందా? బయోడేటాలో సత్యం పేరు చూసి మరొకరు ఉద్యోగమిస్తారా? బయట చూస్తే ఆర్థిక మాంద్యం.

కేంద్రం పాత బోర్డును తొలగించి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో వేలంలో టెక్ మహీంద్రా సంస్థను దక్కించుకుంది. 2013లో విలీనంతో సత్యం పేరు కనుమరుగైంది.

మాజీ ఉద్యోగులకు మాత్రం అది చెరిగిపోయే పేరు కాదు. ఎందరికో తొలి జీతం, తొలి విదేశీ ప్రయాణం అక్కడివే. 2015లో ప్రత్యేక కోర్టు రాజు సహా పది మందిని దోషులుగా తేల్చింది. వారు అప్పీలుకు వెళ్లారు. దొంగ లెక్కల కేసు పది మందిది. ఖాతాదారులకు చేసిపెట్టిన పని వేలమందిది. వేలంలో విలువ పలికిందీ ఆ పనికే.