శాటిలైటు లెక్కలో పోడు బీడు

భూమి వాడకం ఎటు మారుతుందో ముందే లెక్కగట్టే పద్ధతిని డైనమిక్ మోడల్ అంటున్నారు. ఖమ్మం–భద్రాచలం అడవి అంచున పనిచేసే మనం దీన్ని కంప్యూటరోళ్ల గొడవ అని వదిలేయడానికి లేదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల క్లెయిములు కొట్టేసిన వాళ్లను ఖాళీ చేయించమంటూనే, శాటిలైటు సర్వే చేసి చూపమని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియాకు చెప్పింది. అదే నెల 28న ఆ ఆర్డరును నిలిపేసింది. పటాన్ని సాక్షిగా పిలిచే ఆలోచన మాత్రం పోలేదు.

మోడల్ లోపల జరిగేది సులువే. భూమిని గళ్లుగా కోస్తారు. ల్యాండ్‌శాట్ బొమ్మలో మామూలుగా ఒక గడి 30 మీటర్లకు 30 మీటర్లు, ఎకరానికి నాలుగున్నర గళ్లు. రెండు వేర్వేరు ఏండ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి ఏ గడి ఏమైందో చూస్తారు. ఒక గూడెం శివారులో 100 ఎకరాల అడవి, 40 ఎకరాల పోడు ఉన్నయనుకుందాం. పదేండ్లలో 10 ఎకరాల అడవి పోడైంది. పోడులో 10 ఎకరాలు బీడు పెడితే చెట్టు లేచింది. అంటే అడవి నూటికి 10 పాళ్లు అటు పోయింది, పోడు నూటికి 25 పాళ్లు ఇటు వచ్చింది. ఈ పాళ్లతోనే గుణించుకుంటూ పోతే రాబోయే పదేండ్ల లెక్క తేలుతుంది. దీని పేరు మార్కోవ్ పద్ధతి. ఇక్కడ ఎన్నిసార్లు గుణించినా 100, 40 మారవు. నరికిందీ లేచిందీ సమానం.

రిపోర్టుకెక్కేది మాత్రం '10 ఎకరాల అడవి నరికివేత'. అది పోయిన తరం దున్ని విడిచిన చెలకే కావొచ్చు. మార్కోవ్ లెక్క ఇవ్వాళ గడి ఏమిటన్నదే చూస్తుంది, అంతకుముందు ఎవరు దున్నారో అడగదు. పోడంటేనే దున్నడం, విడవడం, మళ్లీ దున్నడం.

ఇంకో తమాషా ఉంది. ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారుకు తగ్గని జాగాలో నూటికి 10 పాళ్ల చెట్టు నీడ ఉంటే అది అడవి విస్తీర్ణమే, యజమాని ఎవరైనా, చెట్టు ఏదైనా. సారపాక పేపరు మిల్లుకు కర్ర అమ్మే జామాయిలు తోట కూడా ఆ లెక్కన అడవే. పోడు చేను నరికివేత!

మాల మాదిగల సంగతి ఇంకా ఇరుకు. 2006 చట్టం ప్రకారం ఆదివాసీ 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపాలి. ఆదివాసీ కాని అడవి వాసి దానికి తోడు 75 ఏండ్ల నివాసం చూపాలి, అంటే 1930 దాకా పోవాలి. మొదటి ల్యాండ్‌శాట్ ఎగిరింది 1972లో. మధ్యలో 42 ఏండ్లకు దాని సాక్ష్యం లేదు. కరణం కాగితాల్లో పాలేరు పేరు ఎక్కిందెక్కడ? 1/70 ఆదివాసీకి కవచం, దానితో మాకు తగువు లేదు. మేం అడిగేది, రోడ్డు దూరం, నేల వాలు, జనాభా కారణాలుగా పెట్టుకునే మోడల్‌లో కులం ఎక్కడుందని.

చట్టం నియమాలకు 2012లో చేసిన సవరణ, శాటిలైటు బొమ్మ మిగతా సాక్ష్యాలకు తోడే గాని వాటికి బదులు కాదంది. పెద్దల మాట రాసిపెడితే అదీ సాక్ష్యమే. ఏ చెలక ఎవరు ఏ ఏడు విడిచారో గ్రామసభలో ముసలోళ్లు చెప్తుంటే రాసి గళ్లకెక్కిస్తే, అడవి, పోడు కాక 'పోడు బీడు' అని మూడో రకం వస్తుంది. అప్పుడు పైన చెప్పిన 10 ఎకరాలు నరికివేత ఖాతాలోంచి సాగు ఖాతాలోకి వస్తయి. గుణించే పద్ధతి అదే.